పర్మనెంటు ఉద్యోగికి పిడుదులు

ముందుగా, చదివేవాళ్ళు నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది యాభై ఏడో ఏట, మా ఆయన పోయిన మరుసటి సంవత్సరం. అందుకని రాయడం నిదానం. ఒక పేజీకి ఒక పూట పడుతుంది. ఒత్తులు ఎక్కడో జారిపోతాయి, దీర్ఘాలు పిలవని చోటికి వచ్చి కూర్చుంటాయి. సర్దుకుని చదవండి. ఈ కథలో ఒక సర్క్యులర్ వస్తుంది. అది రాసినవాళ్ళు ఎమ్మేలు చదివారు, అందులో ఒక్క అక్షరం తప్పు లేదు. ఆ తప్పులేని కాగితం వల్ల ఒక నోరులేని ప్రాణి చావబోయింది. అంతకంటే నా తప్పులు చేసే చేటు ఏముంటుందిలే అని ధైర్యం చేశాను. ఆ గోదాములో నేను కూడా చాట పట్టి గింజలు చెరిగినదాన్నే. కళ్ళారా చూసింది కొంత, ఓబుళమ్మ చెప్పింది కొంత.

ఎర్రమిట్ట ఊరి చివర ధాన్య పరిరక్షణ సంస్థ వారి గోదాము ఉంది. పన్నెండు షెడ్లు. ప్రతి షెడ్డులో కప్పు దాకా బియ్యం బస్తాలు, బస్తాల మధ్య ఎలుకలు. అసలు ఎలుకలే ముందునుంచీ ఉన్నాయనీ, బస్తాలు తర్వాత వాటి దగ్గరికి కాపురానికి వచ్చాయనీ అక్కడి హమాలీలు చెప్పుకునేవాళ్ళు.

ఓబుళమ్మ ఆ గోదాములో పందొమ్మిదేళ్ళుగా రోజుకూలీకి ఊడుస్తూంది. ఊడవడం ఆమె పని. ఎలుకల బోన్లు పెట్టడం ఆమె పని కాదు గానీ అదీ ఆమే చేసేది. ఎందుకంటే ఆ పనికి ‘మూషిక నివారకుడు’ అని ఒక పర్మనెంటు పోస్టు ఉండేది. ఆ పోస్టులో ఉన్న మనిషి పదకొండేళ్ళ కింద రిటైరయ్యాడు. అప్పటినుంచి వచ్చిన ప్రతి మేనేజరూ, “ఆ పోస్టు నీదే ఓబుళమ్మా, ఫైలు పైకి పోయింది” అనేవాడు. పైన అంటే ఎక్కడో ఆమెకు తెలియదు. పైకి పోయినవాళ్ళు తిరిగి రారని మాత్రం తెలుసు. మొగుడు పోయినప్పుడు కూడా ఊళ్ళో వాళ్ళు ఆమెతో ఆ మాటే అన్నారు.

అలాంటి గోదాముకు విశ్వంభరరావు గారు మేనేజరుగా వచ్చారు. సంస్థ ఆయన్ని ధాన్యం నిల్వ గురించి తెలుసుకు రమ్మని పదిహేను రోజులు విదేశానికి పంపింది. ఆయన అక్కడినుంచి మెడకు చుట్టుకునే ఉన్ని గుడ్డ ఒకటీ, ఫెర్రెట్ అనే మాట ఒకటీ తెచ్చారు. ఫెర్రెట్ అంటే ముంగిసకు చుట్టం లాంటి జంతువు. పొడుగ్గా, తెల్లగా, ఎముకల్లేనట్టు వంకర్లు తిరుగుతూ ఉంటుంది. ఆ దేశంలో అది ఒక కలుగులో దూరి ఇంకో కలుగులోంచి ఎలుకను తరుముకుంటూ రావడం ఆయన చూశారు. తిరిగొచ్చాక ఆయన నోట వేరే మాట లేదు. జీవ నియంత్రణ, జీవ నియంత్రణ. పై ఆఫీసులో కూడా ఆ సంవత్సరం ‘ప్రకృతితో ప్రగతి’ అని అన్ని గుమ్మాలకూ బ్యానర్లు కట్టి ఉన్నారు కాబట్టి వాళ్ళకూ పూనకం వచ్చింది.

చిక్కల్లా ఒకటే. సంస్థ రూల్సులో జంతువును తెచ్చుకునే రూలు లేదు. మనిషిని పెట్టుకునే రూలు ఉంది. పైగా మూషిక నివారకుడి పోస్టు మార్చి ముప్పై ఒకటి లోగా నింపకపోతే రద్దయిపోతుందని కాగితం వచ్చింది. విశ్వంభరరావు గారు ఒక పూటంతా తలుపేసుకుని ఆలోచించి, పట్నంలో ఎవరో పెంచుకునే ఫెర్రెట్ ఒకదాన్ని అడిగి తెప్పించి ఆ పోస్టులో నియమించారు.

గుమస్తా కుళ్ళాయప్ప ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నవాడు. రూలు అంటే అతనికి ప్రాణం, మనిషి ఎవరైనా అతనికి ఒకటే. నియామకం కాగితాలు అతనే తయారు చేశాడు. పుట్టిన తేదీ తెలియదు కాబట్టి అందరికీ రాసినట్టే జులై ఒకటి అని రాశాడు. వేలిముద్ర దగ్గర దాని ముందుకాలు స్టాంపు ప్యాడుకు అద్ది నొక్కించాడు. నడవడిక మంచిదని మేనేజరు గారు సంతకం చేశారు. మెళ్ళో వేసుకునే గుర్తింపు కార్డు వచ్చింది. అందులో ఫొటో, ఫొటో కింద హోదా, రక్తం గ్రూపు దగ్గర ఒక గీత.

పదకొండేళ్ళలో కదలని ఫైలు పదకొండు నిమిషాల్లో కదలడం ఓబుళమ్మ చీపురు పట్టుకుని నిలబడి చూసింది. ఆ సాయంత్రం చెరిగేవాళ్ళ దగ్గర కూర్చుని, “నా కూటికి అడ్డం వచ్చింది ఎవరా అనుకుంటాంటి. తోకున్నోడు” అంది. అంతే.

మర్నాటినుంచి ఆ తోకున్నవాడికి తిండి పెట్టే పని కూడా ఆమెదే అయింది. మొదటి వారం గిన్నె దూరంనుంచి నెట్టేది. రెండో వారం అది ఆమె చెప్పు ఎత్తుకుపోయి బస్తాల సందులో దాచింది. మూడో వారం ఇంకో చెప్పు కూడా దాచి, ఆమె వెతుక్కుంటుంటే పక్కవాటుగా గంతులు వేస్తూ కుక్కుక్కుమని నవ్వినట్టు చప్పుడు చేసింది. నాలుగో వారానికి అది ఆమె చీర మడతలో పడుకుని నిద్రపోతోంది. పొడుగ్గా తెల్లగా ఉంది కాబట్టి పొట్లకాయ అని పేరు పెట్టింది. పనిలో మాత్రం పొట్లకాయకు వంక పెట్టేందుకు లేదు. రోజులో ముప్పాతిక నిద్రపోయేది, మిగతా పాతికలో ఎలుకల వంశాలు ఎత్తేసేది. నిద్ర సంగతిలో మిగతా ఉద్యోగులకూ దానికీ తేడా లేదు. ఆ పాతికలోనే తేడా.

వానలు పడ్డాయి. లారీల కింద పడుకునే ఊరకుక్కలు షెడ్లలోకి చేరాయి. ఒకరోజు పొద్దున పొట్లకాయ ఒళ్ళు నిమురుతుంటే ఓబుళమ్మ వేలికి చెవి వెనక ఆముదం గింజ లాంటిది తగిలింది. మెడ కింద ఇంకో నాలుగు. చంక దగ్గర నువ్వు గింజలంతవి లెక్కలేనన్ని. పిడుదులు.

ఓబుళమ్మ గొర్రెలు కాసినవాళ్ళ బిడ్డ. వాళ్ళ నాయన మొలతాటికి ఎప్పుడూ ముండ్లు తీసే చిన్న పటకారు వేలాడుతుండేది. ఆయన పోయాక అది ఆమె బొడ్లో సంచికి చేరింది. పిడుదును ఎలా తీయాలో ఆయన చిన్నప్పుడే నేర్పాడు. నూనె పోయకూడదు, నిప్పు చూపకూడదు, గోటితో గిల్లకూడదు. తోలుకు ఆనించి పట్టుకుని, మెలి తిప్పకుండా, నిదానంగా పైకి లాగాలి. తల లోపల విరిగితే పుండవుతుంది. ఆమె గడప మీద కూర్చుని పటకారు తీసేసరికి మేనేజరు గారు వచ్చారు.

“చేతిలో ఏమిటది?”

“ముండ్ల పటకారు సార్. పిడుదులు పట్టినాయి. తీసేస్తా, ఒక గడియ.”

“ఎవరికి తీస్తావు?”

“పొట్లకాయకు సార్.”

“ఓబుళమ్మా, అతను పర్మనెంటు ఉద్యోగి. పర్మనెంటు ఉద్యోగి శరీరం మీద ఒక రోజుకూలీ మనిషి పరికరం ప్రయోగించడమంటే రేపు నేను ఎవరికి జవాబు చెప్పాలి? ఇది జాలి పడే విషయం కాదు. విధివిధానాల విషయం.”

ఉద్యోగికి జబ్బు చేస్తే ఆరోగ్య కార్డు మీద ప్రభుత్వాసుపత్రికి పంపాలి. అది రూలు. కాబట్టి పొట్లకాయను బుట్టలో పెట్టి ఓబుళమ్మ మోసింది, కార్డు పట్టుకుని కుళ్ళాయప్ప వెంట నడిచాడు. ఆసుపత్రిలో డాక్టరు తలెత్తకుండా నాలుక చూపించమన్నాడు. తలెత్తాక బుట్టలోకి ఒకసారి, కార్డు మీది ఫొటో వైపు ఒకసారి చూశాడు. తర్వాత తాను మనుషుల డాక్టరునని, ఇన్నాళ్ళూ అందులో తనకు అనుమానం రాలేదని చెప్పి, పశువుల ఆసుపత్రికి వెళ్ళమని చీటీ రాసిచ్చాడు.

పశువుల డాక్టరమ్మ నస్రీన్ చిన్న వయసుది. బుట్ట మూత తీసి చూడగానే టేబుల్ మీద పెట్టమంది. కానీ కుళ్ళాయప్ప ముందు అక్కడి రిజిస్టరు అడిగి చూశాడు. అందులో మొదటి గడి ‘జంతువు రకం’. అతను ఆ గడి చూసి, ఇక్కడ సంతకం పెట్టడానికి తనకు అధికారం లేదన్నాడు. మేనేజరుకు ఫోను చేశాడు. జంతువు అని రాస్తే నియామకం చెల్లదనీ, నియామకం చెల్లకపోతే దాని కింద సంతకం చేసిన తన గతేమిటనీ మేనేజరు గారు ఫోనులోంచి అందరికీ వినబడేలా అడిగారు. ఏమీ రాయొద్దు, ఊరికే తీసేస్తానంది డాక్టరమ్మ. ఊరికే తీయడమనేది తమ సంస్థలో లేదన్నారాయన.

బుట్ట మళ్ళీ కట్టుకుంటుంటే డాక్టరమ్మ ఓబుళమ్మ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. “అమ్మా, ఇవి రక్తం తాగడమే కాదు, విషం కూడా ఎక్కిస్తాయి. ముందు వెనక కాళ్ళు పడిపోతాయి. తర్వాత ఊపిరి ఆగిపోతుంది. మీకు తీయడం వచ్చా?”

“వచ్చమ్మా. తీయనిచ్చేవాళ్ళే లేరు.”

ఆ వారంలోనే సర్క్యులర్ వచ్చింది. మేనేజరు గారే పై ఆఫీసుకు రాసి తెప్పించారు. ‘బాహ్య పరాన్నజీవుల తొలగింపు – మార్గదర్శకాలు’ అని పైన పెద్ద అక్షరాలు. కుళ్ళాయప్ప మమ్మల్నందర్నీ ఆరో షెడ్డు ముందు నిలబెట్టి చదివాడు. ఫెర్రెట్ అని రాస్తే వేరే ప్రశ్నలు వస్తాయని కాబోలు, అందులో ఎక్కడా ఆ పేరు లేదు. సంస్థ ఉద్యోగి ఎవరూ, సంస్థ ఉద్యోగి ఎవరి శరీరం నుండైనా, ఇందుకై నియమించిన ముగ్గురు సభ్యుల కమిటీ ముందస్తు లిఖిత అనుమతి లేనిదే, చేతితో గానీ పరికరంతో గానీ బాహ్య పరాన్నజీవులను తొలగించరాదని మూడో అంశం. తన శరీరానికి సంబంధించిన విషయంలో కమిటీ సభ్యుడెవరూ నిర్ణయంలో పాల్గొనరాదని నాలుగో అంశం. తొలగించిన పరాన్నజీవులు సంస్థ ఆస్తి, నష్టపరచరాదని అయిదో అంశం. కమిటీ వచ్చి చూసేదాకా ఒంటి మీద ఉన్నవాటిని ‘యథాస్థితి’లో ఉంచాలి. యథాస్థితి అంటే ఏమిటని ఒక హమాలీ అడిగాడు. ఎక్కడ తాగుతున్నవాళ్ళు అక్కడే తాగడమని పక్కవాడు చెప్పాడు. కాగితాన్ని ఆఫీసు గదిలో గోడకు అంటించారు.

కమిటీ రావడానికి తేదీ కుదరలేదు. ఈలోగా ఊరుకోకూడదని ‘పరాన్నజీవి అవగాహన వారోత్సవం’ జరపమని ఉత్తర్వు వచ్చింది. బ్యానరు కట్టారు. ఊళ్ళో ఊరేగింపు చేశారు. కుడిచెయ్యి ముందుకు చాపి, పరాన్నజీవుల పట్ల అప్రమత్తంగా ఉంటామని ఉద్యోగులంతా ప్రమాణం చేశారు. విశ్వంభరరావు గారు ‘పిడుదు – ఒక సమగ్ర పరిశీలన’ అని గంటన్నర మాట్లాడారు. పొట్లకాయను వేదిక మీద కుర్చీలో పెట్టి బంతిపూల దండ వేశారు. దండ పెద్దది కావడం వల్ల పిడుదులు ఎవరికీ కనబడలేదు. సభ అయ్యాక అది కుర్చీ దిగి నడవబోతే వెనక కాళ్ళు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అలవాటు లేని సన్మానం కదా, తడబడ్డాడని మేనేజరు గారు నవ్వారు.

ప్రతి సోమవారం పిడుదుల పరిస్థితి పైకి రాయాలి. కుళ్ళాయప్ప అద్దాలు పెట్టుకుని, వెదురుపుల్లతో బొచ్చు పాయలు తీస్తూ లెక్క వేసేవాడు. స్థిరంగా ఉన్నవి ఇన్ని, సంచరిస్తున్నవి ఇన్ని. మూడో సోమవారం నాటికి మొత్తం ఇరవై తొమ్మిది. పొట్లకాయ అన్నం గిన్నె వైపు మొహం తిప్పడం మానేసింది. చెప్పులు ఎత్తుకుపోవడం లేదు. ఓబుళమ్మ తన చెప్పు తీసి దాని ముక్కు ముందు పెట్టి చూసింది. వాసన కూడా చూడలేదు.

ఆ రోజు టీ తాగేటప్పుడు కుళ్ళాయప్ప ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు. అతను కూలీల పక్కన కూర్చోవడం అదే మొదలు.

“ఓబుళక్కా, ఒక మాట చెప్తా, నేను చెప్పినట్టు అనొద్దు. అది ఇంక వారం బతకదు. అది పోతే పోస్టు ఖాళీ. ఫైల్లో ఉండే పేరు నీదొక్కటే. అనుమతి లేకుండా చెయ్యి పెట్టినావంటే, రేపటి నుంచి గేటు లోపలికి రానీరు. పందొమ్మిదేండ్లు మట్టిలో కలిసిపోతాది. కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకు చెప్పు.”

ఓబుళమ్మ గ్లాసు అడుగున ఉన్న టీ ఆకు పారబోసి లేచింది.

“కందకు నోరు లేదప్పా. దురద ఉందో లేదో నీకెట్ల తెలుసు?” అంది.

అన్నదేగానీ ఆ మాట ఆమెను నాలుగు రోజులు తినేసింది. పోస్టు వస్తే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. ఒంట్లో బాగాలేని రోజు పడుకోవచ్చు. ముసలితనంలో ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. ఏమీ చేయకుండా ఉండటమే చేయవలసింది. ఊడవడం కంటే సులువైన పని. శుక్రవారం నాడు పొట్లకాయ ఆమెను చూసి దగ్గరికి రావాలని ముందుకాళ్ళతో నేలను పాకి, సగం దూరంలో ఆగి, గడ్డం నేలకు ఆనించి చూస్తూ ఉండిపోయింది.

శనివారం మధ్యాహ్నం మేనేజరు గారు భోజనానికి ఇంటికి వెళ్ళారు. ఓబుళమ్మ పొట్లకాయను చెంగులో చుట్టి ఆరో షెడ్డులో టార్పాలిన్ల వెనక్కి తీసుకుపోయింది. నేను గుమ్మం దగ్గర చాట పట్టుకుని కాపలా కూర్చున్నాను. ఆమె దాన్ని మోకాళ్ళ మధ్య పడుకోబెట్టి, చెవి మడత విప్పి, పటకారు తోలుకు ఆనించి, ఊపిరి బిగబట్టి లాగింది. ఒకటి. ముందు పెద్దవి, తర్వాత చంకల్లోవి, ఆ తర్వాత వేళ్ళ సందుల్లోవి. పొట్లకాయ ఒక్కసారి కూడా కరవలేదు. వేదిక మీద దండ వేసినప్పుడు కరిచింది గానీ ఇప్పుడు కరవలేదు. మొత్తం ముప్పై ఏడు వచ్చాయి. కుళ్ళాయప్ప వెదురుపుల్లకు ఎనిమిది దొరకలేదన్నమాట.

మామూలుగా అయితే ఉప్పునీళ్ళలో వేసి చంపాలి. కానీ అయిదో అంశం ఆమెకు గుర్తుంది. సంస్థ ఆస్తి. ఒక తప్పు చేశాక రెండో తప్పు ఎందుకని, వాటిని ఖాళీ నశ్యం డబ్బాలో వేసి, మూతకు సూదితో బెజ్జాలు పొడిచి, బొడ్లో పెట్టుకుంది.

సోమవారం కుళ్ళాయప్ప అద్దాలు పెట్టుకుని కూర్చుంటే లెక్కకు ఒక్కటీ దొరకలేదు. పొట్లకాయ అతని పెన్ను మూత ఎత్తుకుని, ఇంకా కొంచెం కుంటుతూ, బస్తాల కిందికి పోయింది. అతను వెదురుపుల్ల పక్కన పెట్టి, ‘పరాన్నజీవులు అదృశ్యం’ అని కాగితం రాశాడు. ఓబుళమ్మ దాచలేదు. నేనే తీశానని చెప్పింది.

నెల్లాళ్ళుగా తేదీ దొరకని కమిటీ మూడో రోజుకల్లా దిగింది. ప్రాణం పోతున్నప్పుడు రానివాళ్ళు రూలు పోయిందనగానే వచ్చారు. అధ్యక్షులు పరాంకుశం గారు, ఇద్దరు సభ్యులు, వాళ్ళతో కూర్చునే మేనేజరు గారు. ఆఫీసు గదిలో నాలుగు పెద్ద కుర్చీలు వేసి, హోదా ప్రకారం ఒక్కోదాని వీపు మీద తెల్ల తువ్వాలు పరిచారు. ఓబుళమ్మను ఎదురుగా నిలబెట్టారు.

పరాంకుశం గారు పొట్లకాయను తెప్పించి చూశారు. అది ఆయన బూటు తాడు విప్పింది. ఆయన మొహం ముడుచుకుంది. “తొలగింపుకు అనుమతి ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి మేము వచ్చాం. తొలగించడానికి ఏమీ లేకపోతే మేము దేనికి అనుమతి ఇవ్వాలి? మా పర్యటన ఉద్దేశమే దెబ్బతింది. యథాస్థితి పునరుద్ధరించాలి.”

“అంటే ఏంది సార్?” అని అడిగింది ఓబుళమ్మ.

“ఎక్కడివి అక్కడ పెట్టాలి.”

ఓబుళమ్మ ఆయన మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. ఆమె బొడ్లోంచి నశ్యం డబ్బా తీసి టేబుల్ మీద పెట్టింది. “ఉండాయి సార్. అన్నీ ఉండాయి. పెట్టేది మాత్రం నా చేత కాదు. మీరే పెట్టుకోండి.”

సభ్యులు డబ్బా మూత తీసి లెక్కపెట్టారు. డబ్బాలో ముప్పై ఏడు, అంతకుముందు సోమవారం కాగితంలో ఇరవై తొమ్మిది. ఈ ఎనిమిది ఎక్కడినుంచి వచ్చాయన్న దాని మీద గంట గడిచింది. బయటినుంచి తెచ్చి కలిపిందేమో అని ఒక సభ్యుడికి అనుమానం. ఆ మధ్యలోనే పుట్టి ఉండవచ్చని రెండో సభ్యుడి వాదం. ఆ సంగతి పక్కన పెట్టి ముందు శిక్ష వేద్దామన్నారు అధ్యక్షులు. మూడో అంశం ఉల్లంఘించింది కాబట్టి పనిలోంచి తీసేయమన్నారు.

అప్పుడు కుళ్ళాయప్ప గొంతు సవరించుకున్నాడు. మూడో అంశంలో ‘ఉద్యోగి ఎవరూ’ అని ఉందనీ, ఓబుళమ్మ ఉద్యోగి కాదనీ, పందొమ్మిదేళ్ళుగా పై ఆఫీసు అదే మాట లిఖితంగా చెబుతూ వచ్చిందనీ, కాబట్టి ఆమె దేన్నీ ఉల్లంఘించినట్టు కాదనీ వినయంగా మనవి చేశాడు. అతను అమాయకంగా అన్నాడో కావాలని అన్నాడో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. అడిగితే, రూలు చెప్పినానంటాడు.

“రేపటి నుంచి రావద్దని చెప్పవయ్యా, చాలు కదా” అన్నారు మేనేజరు గారు.

“రావద్దని రాయాలంటే, వస్తా ఉండిందని రాయాల సార్. పందొమ్మిదేండ్లు ఏ నియామకం కాగితం లేకుండా ఎవరు రానిచ్చినారంటే మనం ఏం చెప్పేది?”

పరాంకుశం గారు ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఎవర్నీ శిక్షించకుండా ఒక సభ ముగించి ఎరుగరు. ఆయన మొహం ఎర్రబడింది. “అయితే ముందు ఆమెను ఉద్యోగంలో వేయండి. వేసి, సస్పెండు చేయండి. శిక్ష తప్పించుకోవడానికి ఉద్యోగం లేదనేది సాకు కాకూడదు.”

ఉద్యోగంలో వేయాలంటే పోస్టు ఉండాలి. ఉన్నది ఒక్కటే, అందులో పొట్లకాయ ఉంది. కాబట్టి పొట్లకాయను అనారోగ్య కారణాల మీద స్వచ్ఛంద పదవీ విరమణ చేయించారు. కాలు స్టాంపు ప్యాడుకు అద్దారు. ఆ ఖాళీలో, జరిగిన ఉల్లంఘన నాటి తేదీ నుంచి వర్తించేలా, ఓబుళమ్మను మూషిక నివారకురాలిగా నియమిస్తూ ఉత్తర్వు టైపు చేశారు. ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఓబుళమ్మ బొటనవేలు పెట్టింది. పొట్లకాయ కాలి సిరా ఇంకా ఆరలేదు, అదే ప్యాడు. సస్పెన్షను ఉత్తర్వు రెండో కాగితం. అది టైపు అయ్యేలోగా భోజనం వచ్చిందన్నారు. వేటపోతు పులావు. సాక్ష్యం మీద విచారణ ముగియలేదు కాబట్టి డబ్బా మూత వేయకూడదని కుళ్ళాయప్ప అన్నాడు. మూత తీసినదాన్ని తీసినట్టే వదిలి అందరూ లేచారు.

పిడుదుల్లో రెండు రకాలు. తాగి నిండినవి ఎక్కడ ఉన్నవి అక్కడే ఉంటాయి. నిండనివి నడుస్తాయి. గంటన్నర సేపు అవి నడిచాయి. టేబుల్ దిగాయి, కుర్చీ కోళ్ళు ఎక్కాయి, తెల్ల తువ్వాళ్ళలో చోటు చూసుకున్నాయి. పులావు తిన్నవాళ్ళు వచ్చి తువ్వాళ్ళకు వీపులు ఆనించి, కళ్ళు మూసుకుని, రెండో కాగితం కోసం ఎదురుచూశారు.

మొదట రెండో సభ్యుడు మెడ రుద్దుకున్నాడు. తర్వాత మేనేజరు గారు చంక గోక్కున్నారు. ఆ తర్వాత పరాంకుశం గారు చెవి వెనక వేలు పెట్టి, ఆ వేలు అక్కడే ఉంచి, చాలా నెమ్మదిగా కళ్ళు తెరిచారు. డబ్బాలోకి చూశారు. నిండినవి నాలుగు ఉన్నాయి, అంతే.

గదిలో పిడుదు తీయడం తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె గుమ్మం దగ్గర పొట్లకాయను భుజాన వేసుకుని నిలబడి ఉంది. బొడ్లో పటకారు ఉంది.

“ఓబుళమ్మా,” అన్నారు పరాంకుశం గారు. మొదటిసారి ఆయన ఆమెను పేరు పెట్టి పిలిచారు. “ఇలా వచ్చి ఇది తీయమ్మా.”

ఓబుళమ్మ రెండు అడుగులు ముందుకు వేసింది. ఆయన చెవి వెనకకు వంగి చూసింది. ఆముదం గింజ కాలేదింకా, నువ్వు గింజే. గోడ మీది కాగితం వైపు చూసింది. అందులో అక్షరాలు ఆమెకు రావు గానీ చదివినప్పుడు విన్నది మరిచిపోయే మనిషి కాదు.

“నిన్నటి దాకా అయితే తీసేసేదాన్ని సార్. ఇప్పుడు ఉద్యోగిని గదా.”

అనుమతి వెంటనే రాయమని అధ్యక్షులు కేక వేశారు. కుళ్ళాయప్ప నాలుగో అంశం చదివాడు. తన శరీరానికి సంబంధించిన విషయంలో కమిటీ సభ్యుడెవరూ పాల్గొనరాదు. ముగ్గురూ కూర్చుంటేనే కమిటీ, ఆ ముగ్గురికీ పట్టాయి. సర్క్యులర్ చింపేయమన్నారు మేనేజరు గారు. దానికి నంబరు ఉంది, రద్దు చేయాలన్నా కమిటీయే కూర్చోవాలి. కూర్చోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. ఎవరికి వాళ్ళు గిల్లుకోవచ్చు కదా అని మొదటి సభ్యుడు అడిగాడు. మీరూ ఉద్యోగే కదా సార్ అన్నాడు కుళ్ళాయప్ప. జీపు ఎక్కి నలుగురూ నలభై మైళ్ళ దూరంలో ఉన్న పై ఆఫీసుకు బయలుదేరారు. మలుపు తిరిగేదాకా జీపులో చేతులు ఆడుతూనే ఉన్నాయి. దారిలో తీసుకున్నారో, అనుమతి వచ్చేదాకా యథాస్థితిలో ఉంచారో మాకు తెలియదు. పై ఆఫీసు నుంచి జవాబు ఏడు వారాలకు వచ్చింది. స్థిరంగా ఉన్నవి ఎన్ని, సంచరిస్తున్నవి ఎన్ని తెలపమని అందులో అడిగారు.

రెండో కాగితం టైపు అయి ఉంది. సంతకాలు లేవు. మూడు సంతకాలు ఒకచోట కూడటం మళ్ళీ కుదరలేదు. ఓబుళమ్మ ఆరేళ్ళు పర్మనెంటు ఉద్యోగం చేసి రిటైరయింది. రిటైరైన పొట్లకాయ రోజూ ఆమె బుట్టలో గోదాముకు వచ్చి, జీతం లేకుండా ఎలుకలు పట్టింది. రూలు ప్రకారం దాన్ని ఎవరూ ఉద్యోగి అనలేరు కాబట్టి, ఒంటి మీద పిడుదు కనబడితే ఓబుళమ్మ అక్కడే కూర్చుని తీసేసేది. ఆ నాలుగు తువ్వాళ్ళలో ఒకటి ఆమె సలసల కాగే నీళ్ళలో ఉడకేసి ఉతికి బుట్టలో పరిచింది. పొట్లకాయ చచ్చేదాకా దాని మీదే పడుకుంది.

ఇట్లు,
కె. చౌడమ్మ, వయసు అరవై ఆరు. ప్రస్తుతం ప్రొద్దుటూరులో మా చెల్లెలి ఇంట్లో ఉంటున్నాను.